ఆరడుగుల నేల ఎవరి పేరున ఉంది?

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో బాప్టిస్టు మందిరం లేని మాదిగపల్లె అరుదు. మందిరం గోడకు పాలరాయి పలక ఉంటుంది. ఏ సంవత్సరం కట్టారో, ఏ పెద్దమనిషి రిబ్బను కత్తిరించాడో, ఎవరెంత చందా ఇచ్చారో అన్నీ దానిమీద చెక్కి ఉంటాయి. అదే సంఘం తన చనిపోయినవాళ్ళను పూడ్చుకునే చోటికి పోయి చూడండి. వాగు గట్టునో, చెరువు అలుగు కిందో, సర్కారు తుమ్మ మధ్యన మట్టి దిబ్బలు. కొన్నిటి మీద సిలువ ఉంటుంది. చాలావాటి మీద అదీ లేదు. ఇది ఎన్ని సెంట్లు, ఏ సర్వే నంబరు అని అడగండి. "మా తాతల నాటినుంచీ ఇక్కడే పెడతన్నాం" అంటారు. నిజమే. మరి కాగితమేదీ? ఎక్కువ ఊళ్ళల్లో కాగితం లేదు.

ఆ కాగితం సంగతే ఇక్కడ మాట్లాడుకోవాలి. మందిరం చరిత్ర చాలామంది రాశారు. దొరలు రాశారు, దొరల భార్యలు రాశారు, జూబిలీ సంచికల్లో మన పంతుళ్ళూ రాశారు. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారో లెక్కలున్నాయి. వాళ్ళంతా చచ్చిపోయాక ఎక్కడ పడుకున్నారో ఆ నేల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. నూట యాభై ఏళ్ళ సంఘానికి ఆరడుగుల నేల తన పేరున లేకపోతే ఆ చరిత్ర సగం చరిత్రే.

ఎవరు మొదలుపెట్టారు?

అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ళ దగ్గరికి 1836లో వచ్చారు. శామ్యూల్ డే దొర విశాఖపట్నంలో దిగి, మద్రాసులో కొంతకాలం ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళ తరబడి బోధించినా సంఘం పెరగలేదు. 1853లో అమెరికాలో మిషన్ పెద్దలు కూర్చుని ఈ తెలుగు మిషన్‌ని మూసేద్దామా అని చర్చ పెట్టారు. ఒంటరి నక్షత్రం అని దానికి పేరు పడిపోయింది.

ఆ నక్షత్రానికి తోడు ఎవరొచ్చారు? 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. తోళ్ళ బేరం చేసేవాడు. ఆ బేరం మీదే ఏలూరు వైపు పోయినప్పుడు కొత్త మతం మాట చెవిన పడింది. ఆయన అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు, దేవుడెవరని వెతుక్కుంటూ తిరిగినవాడు. తనే నడిచి ఒంగోలు వచ్చి, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం పెట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో జాన్ క్లౌ దొర ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు పోయేసరికి, పేరయ్య మాట విన్న జనం చుట్టుపక్కల పల్లెల నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చి చింతతోపులో కూర్చున్నారు. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దొర పోయేసరికే పని జరిగిపోయింది. దాన్ని చేసింది తోళ్ళ మూటతో ఊరూరా తిరిగిన మాదిగ.

ఒంగోలు పట్నంలో పెద్దకులాల వాళ్ళు ఏమన్నారో కూడా గుర్తుంచుకోండి. అప్పటికి వాళ్ళ పిల్లలు దొర బడికి వస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం, మా పిల్లల్ని పంపం అన్నారు. దొర మాదిగల్ని వదల్లేదు. వాళ్ళు బడి మానేశారు. దేవుడితో వాళ్ళకి పేచీ లేదు. పక్కన ఎవరు కూర్చుంటారన్నదే పేచీ.

బియ్యం కోసమా?

"కరువులో బియ్యం పెడితే మతం మారినోళ్ళు మీరు" అని నేటికీ అంటారు. చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. దీనికి జవాబు ప్రతి కార్యకర్త నోటి చివర ఉండాలి.

1876-78లో మద్రాసు రాజధానిని మాడ్చేసిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. లక్షల మంది చచ్చారు. కరువుకు పదేళ్ళ ముందే, 1866-67లోనే, మన సంఘం పుట్టింది. కరువు వచ్చేనాటికే సభ్యులు మూడు వేలు దాటారు. కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకున్నాడు. మన వాళ్ళు అక్కడ మట్టి తవ్వి, తట్టలు మోసి, కూలి తీసుకున్నారు. ఆ కూలి డబ్బులతో గింజలు కొనుక్కున్నారు. కూలి చేసి తిన్నవాడిని ముష్టి తిన్నాడు అనే నోరు ఎవరిది? తరతరాలుగా మన కష్టం మీద తిన్నవాడిది.

ఇంకా వినండి. ఆ కరువు రోజుల్లో పదిహేను నెలలపాటు క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. కూలిపనీ సాయమూ అయిపోయాక, 1878లో, ఇక ఇచ్చేదేం లేదన్నాక కూడా జనం కదిలి వచ్చారు. ఒంగోలుకు పది మైళ్ళ దూరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది మునిగి లేచారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఆ సంవత్సరం ఆఖరుకు ఆ లెక్క 9,606కి చేరింది. 3వ తేదీన నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు మన బోధకులే, ఇద్దరి తర్వాత ఇద్దరు మారుతూ.

గింజలు అయిపోయాక వచ్చినవాడిని గింజల కోసం వచ్చాడనడం అబద్ధం. ఆ అబద్ధం వెనక ఒక భయం ఉంది. ఈ జనం ఒక్కసారి ఏటిలో దిగి లేచారంటే ఇక మన చావుకు డప్పు కొట్టేదెవరు అన్న భయం.

చచ్చిన గొడ్డు, చావు డప్పు

సంఘంలో చేరినవాళ్ళకి మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. మూడో కట్టుబాటుతో పాటే జాతరలో డప్పు కూడా ఆగింది.

ఈ మూడూ పైకి మతం మాటల్లా కనిపిస్తాయి. మన వాడకట్టులో నిలబడి చూడండి. ఊరికీ మాదిగకీ మధ్యన ఉన్న ఒప్పందం ఏమిటి? ఊళ్ళో గొడ్డు చస్తే మోసుకుపోవాలి, తోలు వొలవాలి, మోట బొక్కెనకూ చెప్పులకూ తోలివ్వాలి. ఊళ్ళో మనిషి చస్తే డప్పు పట్టాలి, కబురు మోయాలి, కట్టెలు కొట్టాలి, గుంట తవ్వాలి. కరణం మునసబు పిలిస్తే ఏ రోజన్నా వెట్టికి పోవాలి. ఊరి చావంతా మన భుజాల మీదే. ఆ చావుపని చేసినందుకే అంటరానివాళ్ళమన్నారు. అంటరానివాళ్ళం కాబట్టి ఆ పని మనదే అన్నారు. గానుగెద్దు తిరిగినట్టు తిప్పారు.

తాళ్ళకొండపాడు నుంచి గుండ్లకమ్మ దాకా మన తాతలు చేసిన మొదటి పని ఆ చావుపనికి కాదనడం. చచ్చిన గొడ్డు మాకొద్దన్నారు. జాతరకు డప్పు కొట్టం అన్నారు. ఏడు రోజుల్లో ఒక్క రోజు మాది అన్నారు. ఆ కాలానికి అది సమ్మె. జెండా లేదు, యూనియన్ లేదు, సమ్మె అన్న పేరు కూడా లేదు.

ఊరు ఊరుకుంటుందా? నీళ్ళు బంద్ చేసింది. వీధుల్లోకి రానివ్వలేదు. కొట్టించింది. దొంగ కేసులు పెట్టించింది. తర్వాత కాలంలో మనం సాంఘిక బహిష్కరణ అని పేరు పెట్టుకున్నది అప్పట్లోనే పేరయ్య జనం అనుభవించారు. క్లౌ దొర కలెక్టరు దాకా పోయాడు, వెట్టి గురించి గొడవపడ్డాడు. ఆ మాట చెప్పుకోవాలి. కానీ దొర గుర్రమెక్కి ఒంగోలు పోయాక రాత్రికి పల్లెలో ఉండి దెబ్బలు కాసింది మన అవ్వలూ తాతలే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊరి చావుపని కాదన్నవాళ్ళు తమ చావు ఎక్కడ చేసుకోవాలి? ఊరి కాటికి మనం పనోళ్ళుగా తప్ప పోలేం. అందుకే సంఘం పుట్టిన ప్రతి పల్లెలోనూ మందిరంతో పాటే ఇంకో చోటు పుట్టింది. సమాధుల దొడ్డి అన్నారు, బొందలగడ్డ అన్నారు. మందిరం పూరిపాకగా ఉన్న రోజుల్లోనే అక్కడ దిబ్బలు లేచాయి. అక్కడ మొదటిసారి మాదిగవాడి చావుకు అతని సొంత జనం పాట పాడారు, చావు కూలి లెక్క లేకుండా. మన చరిత్రలో ఆ నేలది మందిరం కంటే తక్కువ చోటు కాదు.

కాటికి ఆసామి ఎవరు?

జాషువా గారు శ్మశానవాటి రాశారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చిందంటే నటుడు ఆ పద్యాలు ఎత్తుకోవాల్సిందే, జనం వన్స్‌మోర్ కొట్టాల్సిందే. కులం దాటి రాజూ పేదా ఒక్కటయ్యే చోటు కాడు అన్నది ఆ కవి చూపు. వినుకొండ గడ్డ మీద పుట్టి, బతుకంతా కులం దెబ్బలు తిన్న కవి అలా కోరుకున్నాడు. అది ఆయన కల. ఆ పద్యాలకు చప్పట్లు కొట్టిన ఆసాములు ఇంటికి పోయి తమ కాటి దరిదాపుల్లో మన పాడె దించనిచ్చారా?

అదే నాటకంలో ఇంకో సంగతి ఉంది. కాటికి యజమాని ఎవరు? వీరబాహుడు. చండాలుడని పేరుపెట్టిన మనవాడు. సాక్షాత్తూ హరిశ్చంద్ర మహారాజు అతని దగ్గర కాటికాపరిగా కొలువు చేశాడు, కాటిసుంకం వసూలు చేశాడు. వాళ్ళ కథ ప్రకారమే కాడు మనది. ఆ వీరబాహుడి మనవలకు ఇవాళ పూడ్చుకునే జాగా లేదు. ఎక్కడ పోయింది ఆ నేల?

ఎక్కడికి పోయిందో ప్రతి ఊళ్ళోనూ మనకు తెలుసు. పక్క చేను ఆసామి ఏటేటా ఒక సాలు లోపలికి దున్నుకుంటూ వచ్చాడు. చెరువు నిండితే దిబ్బలు మునిగాయి. రోడ్డు వెడల్పు చేస్తే నాలుగు వరసలు రోడ్డు కింద పోయాయి. సముద్రం వైపు ఊళ్ళల్లో రొయ్యల చెరువులు వచ్చి ఉప్పునీరు గుంటల్లోకి దిగింది. దారి ఆసామి పొలంలోంచి పోతుంది కాబట్టి వరి పొట్ట మీదున్నప్పుడు మన ఇంట్లో మనిషి చావకూడదు. చస్తే పెట్టె నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు బురదలో పోవాలి. దొరల సమాధులకు మిషన్ కాంపౌండులో ప్రహరీ ఉంది, రాయి ఉంది, పేరు, పుట్టిన తేది, పోయిన తేది ఉన్నాయి. వాళ్ళకు ఉన్నందుకు మనకు ఏడుపు లేదు. మన బోధకులకు, గుండ్లకమ్మలో మునిగిన మన ముసలివాళ్ళకు ఎందుకు లేదన్నదే మన ప్రశ్న.

నోటి మాట నేల

"ఎవరూ అడ్డు చెప్పట్లేదుగా, కాగితం ఎందుకు?" అనే పెద్దలు మనలోనే ఉన్నారు. వాళ్ళు ఛత్తీస్‌గఢ్ సంగతి వినాలి.

బస్తర్ ప్రాంతంలో ఛింద్‌వాడా అనే ఊరు. మహరా కులస్తులు, క్రైస్తవులు. ఆ కుటుంబంలో పాస్టరు ఒకాయన 2025 జనవరి 7న చనిపోయాడు. ఆయన తండ్రిని ఆ ఊళ్ళోనే పూడ్చారు. క్రైస్తవులు ఫలానా వైపు పూడ్చుకోండని పంచాయతీ నోటి మాటగా చెప్పిన చోటు అది. ఈసారి ఊరు అడ్డం తిరిగింది. కొడుకు హైకోర్టుకు పోయాడు. ఈ ఊళ్ళో క్రైస్తవులకంటూ శ్మశానం లేదన్నారు. సుప్రీంకోర్టుకు పోయాడు. సొంత పొలంలోనన్నా పూడ్చుకోనివ్వాలని ఒక జడ్జి, కుదరదని ఇంకో జడ్జి. శవం ఇరవై రోజులు మార్చురీలో ఉంది. చివరికి జనవరి 27న, సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని వేరే ఊరి క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. తాత ఒక ఊళ్ళో, తండ్రి ఇంకో ఊళ్ళో.

అక్కడ తాతను పూడ్చినప్పుడు కూడా ఎవరూ అడ్డు చెప్పలేదు. నోటి మాట ఒక తరం నిలబడుతుంది. ఊరి పెద్ద మారగానే పోతుంది.

మన దగ్గర ఇదేం కొత్త భయం కాదు. భూముల రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. కొత్త సర్వేలో ఏ బిట్టు ఏ పేరున ఎక్కితే రేపు అదే సత్యం. మన దిబ్బలున్న చోటు వాగు పోరంబోకు అనో, ఆసామి పట్టా అనో ఎక్కిందంటే వంద సమాధులున్నా చట్టం కంటికి అక్కడ సమాధి లేదు. శ్మశానం అని రాయించుకున్నవాడిదే శ్మశానం.

సమాధి మీద సిలువ పెట్టాలంటే భయం

ఇంకో దెబ్బ ఉంది. ఇది ఊరు కొట్టేది కాదు, సర్కారు కొట్టేది.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ తలుపు తీశారు. క్రైస్తవ దళితుడికీ ముస్లిం దళితుడికీ తియ్యలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరా తీసెయ్యమని చెప్పింది. పక్కన పెట్టారు. 2022లో ఇంకో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.

శ్మశానానికీ దీనికీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి, ఎస్సీ ఎస్టీలను శ్మశానం అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం కూడా నేరమైంది. మంచి చట్టం. పోరాడి తెచ్చుకున్న చట్టం. కానీ అది ఎవరికి? ఒకే వాడ, ఒకే కులం, ఒకే బొందలగడ్డ. అన్న కాగితం మీద హిందువు, తమ్ముడు క్రైస్తవుడు. ఆసామి ఇద్దరి పాడెలనూ ఒకే దారిలో ఆపాడనుకోండి. అన్న శవానికి చట్టం ఉంది. తమ్ముడి శవానికి లేదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో ఇదే మాట చెప్పింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి అతనికి ఆ చట్టం కింద రక్షణ లేదంది.

క్రైస్తవంలో కులం లేదట! పాడె ఆపిన ఆసామికి తెలుసా ఆ సంగతి? పాడె ఆపేటప్పుడు అతను బైబిలు చూస్తాడా, వాడ చూస్తాడా?

దీనివల్ల మన పల్లెల్లో జరుగుతున్నది చూడండి. పిల్లవాడి సర్టిఫికెట్ కోసం కాగితం మీద హిందువు. ఆదివారం మందిరంలో క్రైస్తవుడు. చావు దగ్గరికొచ్చేసరికి ఇంటివాళ్ళు గుసగుసలాడుకుంటారు: రాయి పెడదామా, సిలువ పెడదామా, రేపు ఎవడన్నా ఫొటో తీసి ఆఫీసులో పెడితే? తల్లి సమాధి మీద తల్లి నమ్మిన గుర్తు పెట్టడానికి కొడుకు భయపడుతున్నాడు. గుండ్లకమ్మలో పదిమందీ చూస్తుండగా మునిగిన జనం మనవలు దిబ్బ మీద రెండు కర్రముక్కలు అడ్డం కట్టడానికి దిక్కులు చూస్తున్నారు. ఎవరిది ఈ సిగ్గు? వాళ్ళది కాదు. ఆ మూడో పేరా రాసినవాళ్ళది, డెబ్బై ఏళ్ళకు పైగా దాన్ని కాపాడుతున్నవాళ్ళది.

మనలో మనం మాట్లాడుకోవలసింది

బయటివాళ్ళను తిట్టి ఊరుకుంటే సరిపోదు.

సంఘ కాపరులారా, మీకు ఒక మాట. "మన పౌరసత్వం పరలోకంలో ఉంది, భూమి సంగతి మనకెందుకు" అని సమాధి కార్యక్రమంలో ప్రసంగం చేస్తున్నారు. మరి మందిరానికి మాత్రం రిజిస్ట్రేషను ఎందుకు చేయించారు? పట్నాల్లో మిషన్ స్థలాల మీద కోర్టుల్లో వ్యాజ్యాలు ఎందుకు నడుస్తున్నాయి? పరలోకం మీద నమ్మకం ఉన్న పెద్దలు సెంటు లక్షలు పలికే చోట భూమి కోసం కొట్టుకుంటున్నారు. పైసా పలకని పల్లె సమాధుల దొడ్డి దగ్గర మాత్రం ఆకాశం చూపిస్తున్నారు. ఇది వాక్యం కాదు, వాటం.

మన కులాల వాళ్ళకూ ఒక మాట. మాలలకు వేరే వరస, మాదిగలకు వేరే వరస అన్న ఊళ్ళు ఉన్నాయి. ఫలానా సంఘం వాళ్ళకు ఇక్కడ చోటు లేదని గుంట పూడిపించిన సంఘ పెద్దలూ ఉన్నారు. తమిళనాడులో తిరుచిరాపల్లి కాథలిక్ సమాధుల తోటలో పెద్దకుల క్రైస్తవులకూ దళిత క్రైస్తవులకూ మధ్య గోడే కట్టారు. ఆ గోడను చూసి మనం ఛీ అంటాం. మన బొందలగడ్డలో కంటికి కనపడని గోడను ఎవరు పడగొట్టాలి? ఊరు మనల్ని పంచితే అన్యాయం, మనం మనల్ని పంచుకుంటే ఆచారమా?

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళకూ ఒక మాట. "చర్చి గొడవ మతం గొడవ, మనది ఆత్మగౌరవ పోరాటం" అని పక్కకు పోకండి. చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికారు. మన జనం ఆ శవాలను వాగు గట్టుకు మోసుకుపోలేదు. ఊరి నడిబొడ్డున పూడ్చారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పు పోయింది. సమాధులు పోలేదు. ఏటా ఆగస్టు 6న జనం వచ్చి నిలబడటానికి చోటు ఉందంటే ఆ సమాధుల వల్లే. పూడ్చే చోటు రాజకీయం కాదనేవాడికి చుండూరు తెలియదు.

ఏం చేద్దాం?

ఉపన్యాసం ఇక్కడితో చాలు. ప్రతి పల్లెలో ఈ పనులు చెయ్యాలి.

మొదటిది, మీ సమాధుల దొడ్డి ఏ సర్వే నంబరులో ఉందో తెలుసుకోండి. అడంగల్, ఆర్ఎస్ఆర్, ఎఫ్ఎంబీ నకళ్ళు అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సర్వేయరు వచ్చిన రోజు కూలి పోయినా సరే పదిమంది దగ్గరుండి హద్దురాళ్ళు వేయించండి.

రెండోది, పోరంబోకు అయితే భయపడకండి. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం శ్మశాన పోరంబోకులు గ్రామ పంచాయతీకి చెందుతాయి, ఊరి ఆసామికి కాదు. గ్రామసభలో లేచి, ఇది శ్మశానమని తీర్మానం రాయించండి. దారి కూడా అందులో చేర్చండి. దారి లేని శ్మశానం ఉన్నా లేనట్టే. ఆక్రమణ ఉంటే, ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించమని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పిన మాట అర్జీలో రాయండి. పట్టా భూమి అయితే సర్కారు కొనివ్వాలని కలెక్టరాఫీసు ముందు కూర్చోండి. ఒకరిద్దరు పోతే అర్జీ. వాడంతా పోతే హక్కు.

మూడోది, సంఘం తీర్మానం చెయ్యాలి. బాప్టిస్టు పద్ధతిలో బిషప్పు లేడు, సంఘమే సంఘానికి పెద్ద. ఆ పద్ధతిని పాస్టరును మార్చే గొడవలకే వాడుతున్నాం. ఇప్పుడు నేల కోసం వాడండి. మందిరం స్థలం గానీ సమాధుల స్థలం గానీ సభ్యులందరి ఓటు లేకుండా ఎవరూ అమ్మడానికీ కౌలుకివ్వడానికీ వీల్లేదని మినిట్స్‌లో రాసి వేలిముద్రలు వెయ్యండి. వాడలో ఎవరు చచ్చినా, ఏ సంఘమైనా, ఏ సంఘమూ కాకపోయినా, అక్కడ చోటుందని అందులోనే రాయండి.

నాలుగోది, పేర్లు రాయండి. ఈ పని వాయిదా వేస్తే ఇక కుదరదు. వాడలో ముసలమ్మలను వెంట తీసుకుని బొందలగడ్డకు పోండి. ఏ దిబ్బ ఎవరిదో వాళ్ళకే తెలుసు. పేరు, ఇంటిపేరు, ఏ పని చేశాడు, ఎట్లా చచ్చాడు, ఆమెకు ఎందరు పిల్లలు, తెలిసినంత ఒక నోటుబుక్కులో రాయండి. సంఘం రిజిస్టర్లు పాతవి పెట్టెలో చెదలు తింటుంటే బయటికి తీసి నకలు రాసుకోండి. రేపు కోర్టులో అదే సాక్ష్యం. కోర్టు లేకపోయినా అది మన చరిత్ర పుస్తకం. ఈస్టరు తెల్లవారుజామున సున్నం కొట్టి కొవ్వొత్తులు పెట్టేటప్పుడు ఆ పేర్లు గట్టిగా చదవండి.

అయిదోది, మూడో పేరా తీసెయ్యమన్న పోరాటం మందిరం గేటు దగ్గర ఆగకూడదు. హిందూ దళితులు, బౌద్ధ దళితులు కూడా ఈ కోరిక నెత్తికెత్తుకోవాలి. వాటా తగ్గుతుందని భయపెట్టేవాడు మనల్ని విడదీయడానికే చెబుతున్నాడు. వాటా పెంచమని కూడా కలిసే అడుగుదాం.

కాలువ తవ్విన చేతులు మనవి. ఊరందరి గుంటలూ తవ్విన చేతులు మనవి. మన గుంట తవ్వుకునే నేల మన పేరున రాయించుకోవడానికి ఈ దేశంలో ఎవరి దయా అక్కర్లేదు. వచ్చే పక్షం లోపల మీ ఊరి సమాధుల దొడ్డి సర్వే నంబరు కనుక్కోండి. దాన్ని మందిరం గోడ మీద, పాలరాయి పక్కనే, పెద్ద అక్షరాలతో రాయండి.

జై భీమ్!